మౌనము వినయమగునా?

పదిమందితో కలసి నడచునప్పుడు మనకు తోచిన అనుమానమును పైకి చెప్పుట గర్వమా? చెప్పక ఊరకుండుట వినయమా? ఈ ప్రశ్న ఇంటిలోను, సంఘపు కూటములలోను మనకెదురగునదే. అయితే దీని వెల ప్రాణములతో చెల్లింపబడు స్థలమొకటి కలదు.

చలిదేశములలో కొందరు పాదములకు పొడవైన పలకలు బిగించుకొని, సిద్ధపరచిన బాటలు విడిచి, కొండల మంచుమీద జారుచు దిగుదురు. దీనిని స్కీయింగ్ అందురు. అక్కడ భయపడవలసినది మంచుచరియ. అడుగున బలహీనమైన పొర యుండగా దానిపై కొత్త మంచు గట్టిగా పేరుకొనును. 30 మొదలు 45 డిగ్రీల వాలుగల చోట ఒక్క మనుష్యుని బరువే ఆ పొరను విరుగగొట్టవచ్చును. అప్పుడు పైనున్నదంతయు ఒక్కసారిగా జారిపడును. ఇట్లు ప్రాణములు తీసిన చరియలలో అధికభాగము, అందులో చిక్కినవారో వారి తోడివారో కదల్చినవే.

అందుచేత ప్రతివాడును మూడు వస్తువులు కొనిపోవలెను: మంచులో కూరుకొనిపోయినవాని జాడ తెలుపు ట్రాన్స్‌సీవర్ అను రేడియో పరికరము, గుచ్చి వెదకుటకు పొడవైన కడ్డీ, త్రవ్వుటకు పార. సుమారు 10 నిమిషములలో పైకి తీయబడినవారిలో చాలమంది బ్రదుకుదురు; అరగంట గడచినచో బ్రదుకువారు కొద్దిమందియే. అంతలో పట్టణమునుండి సహాయము రాదు. మన సంచిలోని పార మనలను త్రవ్వి తీయజాలదు. అది తోడివాని కొరకే. మనకు కావలసిన పార తోడివాని సంచిలో నున్నది.

అయితే పారకంటె ముందుగా కావలసినది మాట. 2012 ఫిబ్రవరి 19న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమందు, స్టీవెన్స్ పాస్ దగ్గర, టన్నెల్ క్రీక్ అను చోటికి 16 మంది దిగబూనిరి. వారిలో ఆరితేరినవారు అనేకులు. ప్రమాద సూచన ముందే ప్రకటింపబడి యుండెను. చరియ విరిగిపడి ముగ్గురు మరణించిరి. తమకు లోలోపల సందేహము కలిగినను, ఇంతమంది తెలిసినవారుండగా తామేమి చెప్పగలమని ఊరకుంటిమని, బ్రదికినవారిలో కొందరు తరువాత చెప్పిరి. వారిని నిందించుట మన పని కాదు. ఆ గుంపులో మనమున్నను అట్లే యుందుమేమో.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఇట్టిదే చూచుచున్నాము. మంచిరేవులయొద్ద పౌలు ఖైదీగా నుండియు, ఈ ప్రయాణము హానికరమని హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఎక్కువమంది బయలుదేరుటకే ఒప్పిరి. దక్షిణపుగాలి మెల్లగా వీచెను గనుక అందరికిని ధైర్యము కలిగెను. పెనుగాలి ఆ తరువాతనే వచ్చెను. మంచుకొండలమీదను అంతే. కొత్త మంచు కురిసిన మరునాడు ఆకాశము నిర్మలముగా నుండును. ఆ సొగసే జనులను మోసపుచ్చును.

ప్రతి పిరికిమాటకును ఆగినచో ఎవరైనను కొండ యెక్కుదురా అని అడుగవచ్చును. చెప్పుట వేరు, శాసించుట వేరు. మన తలంపు తప్పు కావచ్చునని యెంచుట వినయమే. అయినను దానిని అందరి యెదుట నుంచి, తూచి చూడనిచ్చుటయే నిజమైన వినయము. నవ్వుదురేమోనని దాచుట మన గౌరవమును కాపాడును గాని తోడివాని ప్రాణమును కాపాడదు. ఈ భారము క్రొత్తవానిమీద మాత్రమే మోపరాదు. ముందు నడచువాడు అందరికంటె చిన్నవానిని మొదట అడుగవలెను. ఏ ఒక్కరు వద్దన్నను మరలుదుమని బయలుదేరకమునుపే ఒప్పందము చేసికొను జట్లు కలవు. అది పిరికితనము కాదు, ప్రేమ.

మరలి వచ్చిన దినమున ఆ కొండ నిజముగా విరిగి యుండెడిదో లేదో ఎవరికిని తెలియదు. గనుక ఆపినవానికి కృతజ్ఞత దొరకకపోవచ్చును. దొరకకున్నను చెప్పవలెను.