రాజమండ్రి చూపిస్తూ పిల్లలకు ఏం చెప్పాలి?

సెలవు రోజున పిల్లాపాపలతో పోలవరం నుంచి రాజమండ్రి వెళ్లిరావడం మన కుటుంబాలకు అలవాటే. ఇందులో ధర్మపరంగా అభ్యంతరమేమీ లేదు. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్య ఖుర్ఆన్ పదే పదే పురికొల్పింది. దుబారా లేకుండా, నమాజు తప్పకుండా చూసుకుంటే చాలు.

ఆ ఊరు అందరిదీ. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట జ్ఞాపకాలు, గోదావరి ఒడ్డున ఆలయాలు, లూథరన్ చర్చి, 1900లో రైళ్లు మొదలై 1997 దాకా నడిచిన పాత వంతెన, అన్నీ ఒక్క రోజులో చూడవచ్చు. కందుకూరి వీరేశలింగం గారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిందీ ఇక్కడే. వితంతువును వివాహమాడటం దైవప్రవక్త (స) ఆచరించి చూపిన సున్నత్ అయినా, మన ఇళ్లలో ఎందరు విధవ ఆడపడుచులు ఇంకా ఎదురుచూస్తున్నారో ఆ ఇంటి ముందు నిలబడి కాస్త ఆలోచించాలి.

అసలు చిక్కు జామె మసీదు ద్వారం దగ్గర వస్తుంది. తుగ్లక్ వంశపు ఉలుగ్ ఖాన్ 1323లో ఓరుగల్లును జయించాడు. మరుసటి ఏడు, హిజ్రీ 724లో, సాలార్ ఉల్వీ ఈ మసీదు కట్టించాడని ద్వారంపైనున్న పారశీక శాసనం చెబుతోంది. అంతకు ముందు అక్కడ వేణుగోపాలస్వామి ఆలయం ఉండేదని ఊళ్లో చెప్పుకుంటారు, చరిత్ర పుస్తకాల్లోనూ ఆ మాట ఉంది. "నిజమేనా అబ్బా?" అని పిల్లవాడు అడిగితే ఏమనాలి?

చాలామంది మాట దాటేస్తారు. ఎదుటివాళ్లకు మనమే ఆయుధం అందించినట్లవుతుందని వారి భయం. భయం అర్థమయ్యేదే, కాలం అలాంటిది. అయితే సూరె నిసా 135వ ఆయతు మనకే వ్యతిరేకంగానైనా న్యాయంగా సాక్ష్యం చెప్పమంటోంది. పైగా తండ్రి దాచినది పిల్లవాడు బజారులో వింటాడు, అదీ ద్వేషం కలిపి. కాబట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. దాంతోపాటు హజ్రత్ ఉమర్ (రజి) సంగతీ చెప్పాలి. బైతుల్ మఖ్దిస్‌లో క్రైస్తవుల పెద్ద చర్చిలో ఉండగా నమాజు వేళయిందట. మతగురువు అక్కడే చేసుకోమన్నా ఆయన బయటికొచ్చి చేశారనీ, తాను లోపల చేస్తే తర్వాతి ముస్లిములు దాన్ని సొంతం చేసుకుంటారేమోనని అలా చేశారనీ చరిత్రకారులు రాశారు. సుల్తానుల సేనలను తూచవలసిన తూకం అదే. గెలిచినవాడు చేసినదల్లా ఇస్లాం అయిపోదు.

చురుకైన పిల్లవాడైతే ఇంకో ప్రశ్న వేస్తాడు: "మరి అక్కడ మన నమాజు?" 1947 ఆగస్టు 15 నాటికి ప్రార్థనాలయాలు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలని 1991 చట్టం అంటోంది. అది ప్రభుత్వం మాట. దీన్ మాట ఇంకా పాతది: ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరు. ఏడు వందల ఏళ్ల తర్వాత అక్కడ సజ్దా చేసే కూలీ మీద ఆనాటి సేనాని లెక్క పడదు. ఆ సేనాని పేరు చెప్పుకుని మీసం మెలేసేవాడి సంగతి వేరు, వాడు ఆ లెక్కను తనంత తానే నెత్తికెత్తుకుంటున్నాడు.