బిడ్డ నోటి "సరే" ఎవరిది?



అవి మిరపకాయ కోతల రోజులు. సాయంత్రం జపమాల ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక తండ్రి నా గది ముందు నిలబడ్డాడు. "ఫాదర్ గారూ, మా అమ్మాయి జ్ఞానస్నాన పత్రం కావాలి. పుట్టిన సంవత్సరం మాత్రం మూడేళ్లు వెనక్కి వేసి ఇవ్వండి" అన్నాడు. అమ్మాయి పదో తరగతి. వరుడు మేనమామ.

"చట్టం ఒప్పుకోదయ్యా" అని చెప్పి పంపేశాను. నెల తిరక్కముందే మరో ఊళ్లో ఆ పిల్ల మెడలో తాళి పడిందని ఉపదేశి గారు చెప్పారు. పత్రం దిద్దనందుకు నాకు విచారం లేదు. కాని ఆ తండ్రిని కూర్చోబెట్టి మాట్లాడలేదే, ఆ పిల్లను పిలిచి ఒక్క మాట అడగలేదే అన్న బాధ ఇంకా ఉంది. ఆనాడు చెప్పవలసిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. గుంటూరు, ప్రకాశం సీమలో పత్తి, మిరప చేలను నమ్ముకున్న ఇళ్లలో ఆలుమగలు తెల్లవారకముందే కూలికి పోతారు. ఎదిగిన పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది. పిల్ల చదివేకొద్దీ కట్నం పెరుగుతుంది. ఒక ఏడు కాయ ధర పడిపోతే అప్పు మిగులుతుంది. అందుకే గుండెల మీద కుంపటి త్వరగా దించుకోవాలనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో వందకు 29 మందికి 18 నిండకముందే పెండ్లి అయిపోయింది. వారిలో మన విచారణల బిడ్డలు లేరని చెప్పగలమా?

భయం నిజమే. కాని మన భయం తీరడానికి బిడ్డ బ్రతుకును వెలగా చెల్లించే హక్కు మనకు ఉన్నదా?

"మా పిల్ల ఒప్పుకుంది ఫాదర్" అంటారు. కాదని చెప్పగలిగినవారు అవునంటేనే అది ఒప్పుదల. పదిహేనేళ్ల పిల్ల కాదని ఎక్కడికి పోతుంది? ఆమె నోటి "సరే" తండ్రి మాటకు ప్రతిధ్వని మాత్రమే. జ్ఞానవివాహాన్ని కలిగించేది గురువూ కాదు, తల్లిదండ్రులూ కాదు; వధూవరుల స్వేచ్ఛా సమ్మతి అని శ్రీసభ బోధిస్తుంది. దానిని వారి బదులు మరెవ్వరూ ఇవ్వలేరు.

మరి తల్లిదండ్రులను గౌరవించమనే నాలుగవ ఆజ్ఞ మాటేమిటి? వివాహమాడడం, కన్యాత్వంలో నిలిచిపోవడం వంటి విషయాలలో బిడ్డలు తల్లిదండ్రులకు లోబడనవసరం లేదని పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే బోధించాడు. ఆ బాధ ఆయనకు తెలుసు. దొమినికన్ సభలో చేరినందుకు ఇంటివారే ఆయనను ఏడాదిపాటు నిర్బంధించారు. బిడ్డ మనకు అప్పగింపబడిన వ్యక్తి, మన ఆస్తి కాదు.

శ్రీసభ చట్టం 1083వ సూత్రంలో అమ్మాయికి 14 ఏళ్లు అని ఉన్నది కదా అని కొందరు అడుగుతారు. అంతకు తక్కువైతే అసలు వివాహమే కాదని దాని అర్థం, ఆ వయసుకు చేయమని కాదు. దేశ చట్టం అంగీకరించని వివాహాన్ని, అత్యవసరమైతే తప్ప, మేత్రాణుల అనుమతి లేకుండా జరపరాదని 1071వ సూత్రం చెబుతుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అట్టి పెండ్లి జరిపించినవారికి, వారు గురువులైనా సరే, రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష విధిస్తుంది. అప్పటికే పెండ్లి అయిన బాలిక కూడా తనకు 20 ఏళ్లు నిండేలోగా కోర్టుకు వెళ్లి దానిని రద్దు చేయించుకోవచ్చు.

"మరియమాతకు కూడా చిన్నతనంలోనే ప్రధానం జరిగింది కదా" అనేవారూ ఉన్నారు. సువార్త ఆమె వయసు చెప్పదు. సర్వశక్తిగల దేవుడు గబ్రియేలు దూతను పంపి, ఆ కన్య ప్రశ్నను విని, జవాబిచ్చి, ఆమె సమ్మతి కొరకు ఆగాడని మాత్రం చెబుతుంది. దేవుడే ఆగినప్పుడు మనం మూడేళ్లు ఆగలేమా?

ఆగడానికి తోడు కావాలి. అది విచారణ అంతటి బాధ్యత. కోతల కాలంలో పొరుగింటి పిల్లను మన ఇంట కూర్చోబెట్టుకుందాం. కన్యస్త్రీల హాస్టలులో చోటు అడుగుదాం. ముహూర్తం పెట్టారని తెలిస్తే ముందు ఆ ఇంటికి వెళ్దాం. వినకపోతే 1098కి ఫోన్ చేయడం పగ కాదు, ప్రేమే.

ఇకమీదట ఏ తండ్రి అయినా అలా నా గది ముందు నిలబడితే, ముందు కుర్చీ వేస్తాను. ఆ తరువాత, "అమ్మాయిని కూడా తీసుకురా, ఆమె ఏమంటుందో విందాం" అంటాను.