ఓర్పు ఎవరిది, భయం ఎవరిది

పన్ను పీకించుకోవాలంటే వణికిపోయే మనిషికి చుట్టుపక్కలవాళ్లు చెప్పే మాట ఒకటే: కాస్త ఓర్చుకోవాలి. మాట చిన్నదే గానీ దాని వెనకున్న నమ్మకం పెద్దది. బాధను భరించడం పుణ్యమనీ, మందుతో తప్పించుకోవడం పిరికితనమనీ మన మనసుల్లో పాతుకుపోయింది. అందుకే భయంతో ఏళ్ల తరబడి దంతవైద్యుడి గడప తొక్కనివాళ్లు కూడా మత్తు అడగడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గుకు ధర్మంలో ఆధారం ఉందా? లేదని నా నిశ్చయం.

ముందు మత్తు అంటే ఏమిటో విడదీసి చూడాలి. చిగురులో వేసే సూది నొప్పిని ఆపుతుంది, భయాన్ని కాదు. భయాన్ని తగ్గించే దారులు వేరు. ఆక్సిజన్‌తో కలిపి ముక్కు తొడుగు ద్వారా ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ మెలకువలోనే మనసును తేలికపరుస్తుంది, ఆపిన కొద్ది నిమిషాలకే దిగిపోతుంది. చికిత్సకు ముందు మింగే డయాజెపామ్ వంటి మాత్ర ఇంకో దారి. నరానికి మిడజోలమ్ ఎక్కిస్తే రోగి పిలుపుకు పలుకుతాడు, కానీ జరిగినదాంట్లో చాలా భాగం తర్వాత గుర్తుండదు. స్పృహ పూర్తిగా తప్పించే జనరల్ అనస్థీషియా చివరి మెట్టు. ఈ విద్యకు పంటి వైద్యంతో పుట్టుక నాటి బంధం ఉంది. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్న హోరేస్ వెల్స్ దంతవైద్యుడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ ప్రభావాన్ని అందరి ఎదుట నిరూపించిన విలియం మోర్టన్ కూడా దంతవైద్యుడే.

మత్తు వద్దనేవారికి శాస్త్రంలో దొరికే గట్టి ఆధారం తితిక్ష. శంకరులదిగా చెప్పే వివేకచూడామణి, ప్రతిక్రియ వెతక్కుండా దుఃఖాన్ని సహించడమే తితిక్ష అంటుంది. అయితే ఆ నిర్వచనం అక్కడితో ఆగదు. చింత, విలాపం కూడా ఉండకూడదంటుంది. పిడికిళ్లు బిగించి, చెమటలు కక్కుతూ కుర్చీలో కూర్చున్నవాడిలో ఉన్నది చింతే. మందు మానినంత మాత్రాన అతనికి తితిక్ష రాదు. పైగా అది మోక్షం కోరే సాధకుడు తనకు తానుగా పూనుకునే నియమం. ఇంకొకరు నెత్తిన రుద్దితే అది నిర్బంధమే. ఈ తేడాను క్రైస్తవమూ గుర్తించింది. 1957లో మత్తువైద్యులతో మాట్లాడుతూ పన్నెండో పయస్ పోప్, బాధను ఇష్టపూర్వకంగా స్వీకరించడం గొప్పదే కావచ్చు గానీ రోగికి అది విధి కాదని తేల్చారు.

చేసుకున్నవారికి చేసుకున్నంత, అనుభవించక తప్పదు కదా అని ఇంకొందరంటారు. ఆ వాదం నిజమైతే పుచ్చిన పంటికి వైద్యమే చేయించకూడదు. వైద్యం ఒప్పయి, అందులోని బాధ తగ్గించడం తప్పెలా అవుతుంది? శస్త్రం తగిలినా తెలియకుండా ఉండేందుకు రోగికి మద్యం ఇవ్వాలని సుశ్రుత సంహిత చెప్పింది. కర్మను నమ్మిన కాలమే ఆ మాట చెప్పింది.

మూడో ఆక్షేపణ లోతైనది. ఎరుకే మనిషి స్వరూపమైతే, దాన్ని చేజేతులా మందుకు అప్పగించవచ్చా? మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులను మూడు అవస్థలుగా చూసింది. రోజూ గాఢనిద్రలో మునిగి లేచే మనిషి ఆత్మను పోగొట్టుకోవడం లేదు. కాబట్టి స్పృహ తగ్గడంలో దోషం లేదు. చూడవలసింది దాన్ని ఎవరి నిర్ణయంతో తగ్గించారన్నది. మెలకువలో ఉండగా, ఏ మందు ఇస్తారో, ఏం చేస్తారో విని రోగి ఇచ్చే అంగీకారమే ఇక్కడ ధర్మానికి పునాది. గుర్తుండదు కదా అని అంగీకరించని పని ఒక్కటి చేసినా అది ద్రోహం. రోగి మరచిపోయే చోట వైద్యుడి బాధ్యత రెట్టింపవుతుంది.

మత్తు భయాన్ని నయం చేయదు, ఆ పూటకు దాటిస్తుంది అన్నదీ నిజమే. అందుకే తేలికైన మెట్టుతో మొదలుపెట్టాలి, ఊపిరి జబ్బులూ వాడే మందులూ దాచకుండా చెప్పాలి, మాత్రో ఇంజెక్షనో తీసుకుంటే ఇంటికి తోడు ఉండాలి. భయం వేళ్లను పెకలించే మానసిక చికిత్స పక్కనే సాగాలి. కానీ ఆ భయం పోయేదాకా పుచ్చు ఆగదు, చీము ఆగదు. వణుకుతున్న మనిషికి ఓర్పు గురించి బోధించడం సులువు. అతని వణుకు తగ్గేదాకా మనం ఓర్చుకోవడమే కష్టం. ఆ గదిలో తితిక్ష ఎవరికైనా కావాలంటే, ముందు అది కుర్చీ పక్కన నిలబడ్డవాళ్లకే కావాలి.