‘అదియే యిది’ యనుట యెట్లు?

ఒక వస్తువునందలి భాగములు కాలక్రమమున ఒక్కటొక్కటిగా మారిపోయినపుడు, తుదకు మిగిలినది పూర్వపు వస్తువేనా, లేక దాని పేరు ధరించిన వేఱొక వస్తువా యను ప్రశ్న మన తార్కికులు తరతరములుగా మథించినది. అది వాదగ్రంథములకే పరిమితమైన ప్రశ్న యని తలచువారు అమెరికాదేశమున పాత గడియారములను సేకరించువారి నడుమ ఒక్క సాయంకాలము కూర్చుండిన చాలును. 1943లో స్థాపితమై, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కొలంబియా పట్టణము కేంద్రముగా వర్ధిల్లుచున్న జాతీయసంఘమే వారికి గలదు. గడియారము నొకదానిని బల్లపై నుంచినపుడు, దాని సొగసుతో పాటు వారు తప్పక విచారించు విషయ మొకటి కలదు: దీనిలో దీని సొంత మెంత?

అట్టి గడియారము నొకదానిని మనమును తెరచి చూతము. కనెక్టికట్ రాష్ట్రమున ప్లిమత్ నివాసియైన ఈలై టెర్రీ 1816లో పేటెంటు పొందిన పిదప వ్యాప్తికి వచ్చిన అరమీది గడియార మది. రెండున్నర అడుగుల యెత్తున, ఇరువైపుల సన్నని స్తంభములతో, పైభాగమున వంపుదిరిగిన చెక్కపనితో, పలుచని మహాగని చెక్క తాపిన పెట్టె. తలుపున క్రిందిభాగమందలి అద్దమునకు వెనుకవైపునుండి చిత్రించిన దృశ్యము. అంకెల పలకను తొలగించినచో లోపల ఇత్తడి అంతగా కానరాదు. ఓకుచెక్క పలకల నడుమ చెర్రీకొయ్యతో కోసిన పండ్లచక్రములు కానవచ్చును. ఇరుప్రక్కల త్రాళ్లకు వ్రేలాడు బరువులలో ఒకటి ముండ్లను నడుపును, రెండవది గంట కొట్టించును. ఒకసారి కీ యిచ్చిన ముప్పది గంటలు నడచును. పెట్టె వెనుకచెక్కకు లోపలివైపున అంటించిన అచ్చుకాగితముపై చేసినవాని పేరును, ఊరును, గడియారమును నడపు విధమును చదువవచ్చును. కొన్నింటిలో, బాగుచేసిన పనివారు తమ పేరును తేదీని పెన్సిలుతో వ్రాసిన గుర్తులును కనబడును.

ఇట్టి గడియారము నూఱేండ్లు దాటి బ్రదుకుటలో గాయపడకుండుట యరుదు. చక్రమునకు పన్ను విరుగును. పెట్టె కాళ్లు అరుగును. అద్దముపై రంగు పొరలుపొరలుగా రాలిపోవును. వీనికి బదులు క్రొత్తవి చేర్చిరి. చేర్చిన పిదప ఇది టెర్రీ గడియారమేనా?

ఈ చిక్కును టెర్రీయే మఱింత బిగించిపోయినాడు. అతనికి పూర్వము ప్రతి చక్రమును దాని జంటచక్రమునకు తగునట్లు ఆకురాయితో రాచి అమర్చుచుండిరి. కావున ఒక గడియారపు చక్రము మఱియొకదానికి ఇముడదు, ఆ చక్రము ఆ గడియారమునకే సొంతము. 1806లో టెర్రీ, ఎడ్వర్డు పోర్టరు, లీవై పోర్టరు అనువారితో, మూడేండ్లలో 4000 కొయ్యగడియారములు చేసి యిచ్చుటకు ఒడంబడిక చేసికొని, ఏటినీటి బలమున నడచు రంపములతో చక్రములను కోయించి, ఏ చక్రమైనను ఏ గడియారమునందైనను అమరునట్లు చేసెను. అనగా, ‘ఇది దీని చక్రము’ అను సంబంధమునే ఆ కర్మాగారము రద్దుచేసినది. పుట్టుకయందే సొంతము లేని చక్రమునకు బదులు అట్టిదే మఱియొకటి చేర్చినచో పోయిన దేమి?

ఇట్టి ప్రశ్నయే రథము విషయమున పూర్వము పుట్టినది. బౌద్ధుడగు నాగసేనభిక్షువు మిళిందమహారాజు ఎక్కివచ్చిన రథమును చూపి, ఇరుసు రథమా, కాడి రథమా, చక్రములు రథమా యని యడిగి, వీని కూడికకు లోకము పెట్టిన వ్యవహారనామమే రథమని తేల్చెను. నైయాయికు డందుల కంగీకరింపడు. దారములకంటె వస్త్రము వేఱనియు, అవయవములయందు సమవాయమను విడరాని సంబంధమున నిలిచిన అవయవి, అనగా సమగ్రవస్తువు, ఒకటి నిజముగా కలదనియు నతని సిద్ధాంతము. కాని యీ శాస్త్రము మన గడియారమును కాపాడునని యాశించువానికి నిరాశ తప్పదు. ఏలయన, ఒక్క దారము తీసినంతనే మహాపటము నశించి ఖండపటము పుట్టునని ఆ శాస్త్రమే చెప్పుచున్నది. ఆ లెక్కను మొదటి పన్ను విరిగిన నాడే టెర్రీ గడియారము నశించినది. బౌద్ధుని దృష్టిలోనే దానికి కొంత చోటు మిగిలినది: రాత్రియెల్ల వెలిగిన దీపజ్వాల తొలిజామున నున్నదియే కాదు, అన్యమును కాదు, పూర్వజ్వాల పరజ్వాలకు కారణమగుచు సాగిన సంతానమే దాని యేకత్వము. అయితే జ్వాల తనంత తాను మఱియొక జ్వాలను పుట్టించును. విరిగిన కొయ్యపన్ను తన స్థానమున మఱియొక పన్నును మొలిపించుకొనలేదు. జడవస్తువునకు ఆ సంతానమును సమకూర్చువా రెవరు?

ఇచట నాకు పూరీక్షేత్రము స్ఫురించుచున్నది. అధికాషాఢము వచ్చిన సంవత్సరములలో నవకళేబరోత్సవమున జగన్నాథుని మూర్తిని క్రొత్త వేపకొయ్యతో చెక్కి, కన్నులకు గంతలు కట్టుకొనిన సేవకులు బ్రహ్మపదార్థమును పాతమూర్తినుండి క్రొత్తమూర్తికి మార్చుదురు. కొయ్య మాఱినను స్వామి మాఱలేదని భక్తుడు నిస్సంశయముగా మ్రొక్కును. ప్లిమత్ గడియారమునకు అట్టి బ్రహ్మపదార్థము లేదు. కావుననే, దానిని చేతినుండి చేతికి అందించు మనుష్యుని సత్యవాక్యము ఆ స్థానమున నిలువవలసియున్నదని నా నిశ్చయము.

విరిగిన పన్ను స్థానమున చెర్రీకొయ్యతోనే క్రొత్తపన్ను చెక్కి అతికి, అతుకును దాచక, పాతముక్కను చిన్నసంచిలో కట్టి పెట్టెలోనే యుంచి, ఏనాడు ఏమి చేసినదియు వ్రాసి పెట్టిన పనివానిని తలంతము. పోయినదాని రూపమే వచ్చినదాని రూపమునకు కారణమైనది, ఆ కారణము ఎల్లరకు తెలియునట్లు నిలిచినది, సంతానము తెగలేదు. మఱియొకడు ఒకదాని పెట్టెలో వేఱొకదాని యంత్రమును బిగించి, క్రొత్తగా అచ్చువేసిన కాగితమునకు పాతరంగు పట్టించి అంటించి, ఇది టెర్రీ చేతిదేయని యమ్మును. పెట్టె పాతదే, యంత్రమును పాతదే. అయినను ఆ రెంటిని కలిపిన దారము అసత్యము. మొదటి గడియారమున క్రొత్తకొయ్య యున్నను అది ‘అదియే’. రెండవదానిలోని ప్రతి ముక్కయు పాతదైనను అది ‘అది’ కాదు.

సత్యము మన యెఱుకను మార్చునే కాని వస్తువును మార్చదు గదా యని యాక్షేపింపవచ్చును. కొండ విషయమున, ఏఱు విషయమున ఆ యాక్షేపము చెల్లును; అవి మన సంకల్పమువలన పుట్టినవి కావు. గడియారము చేతనుని సంకల్పమువలననే పుట్టినది. కులాలుడు లేక ఘటము పుట్టదని శాస్త్రజ్ఞు లందఱు ఒప్పుదురు. ఘటము పుట్టిన పిదప కులాలునితో పని లేదనియు వారే చెప్పుదురు. దీర్ఘకాలము బ్రదికి, పలుమాఱులు మరమ్మతు పొందు వస్తువునకు ఈ రెండవ మాట చాలదు. దానిని పుట్టించుటకు చేతనుడు ఎంత కావలయునో, అదియే యిదిగా నిలుపుటకును అంతే కావలయును.

మన సంప్రదాయములకును ఇదియే ధర్మము. ఆచారములలో మాఱనిది లేదు. తాళపత్రములను ప్రతులెత్తిన లేఖకుల చేతులలో మహాగ్రంథములును పాఠభేదములు పొందినవి. శిథిలమైన పాఠమును సవరించి, ‘ఇది నా సవరణ’ యని అంచున గుర్తుపెట్టిన పరిష్కర్త గ్రంథమును బ్రదికించినాడు. తన పద్యమును పూర్వకవి పేర చొప్పించినవాడు, భక్తితోనే చేసియున్నను, గ్రంథమునకు ద్రోహము చేసినాడు. క్రొత్త నియమమును తెచ్చి అనాదియని బోధించు పండితుని కంటె, పాత నియమమును మార్చితినని నలుగురియెదుట ఒప్పుకొని మార్చినవాడే పరంపరకు నిజమైన వారసుడు. వారసత్వమును తాకకుండ కాపాడుట ఎవరికిని సాధ్యము కాదు. తాకినచోటును చెప్పి యందించుట అందఱికిని సాధ్యము, అందఱికిని విధి.