నొప్పి నిజం, రెండో బాణం ఎవరిది?



ఈసారి ఒంటి నొప్పుల గురించి మాట్లాడుకుందాం. ధమ్మం చెప్పమంటే రోగాల సంగతి ఎందుకు అనుకోకండి. ఆదివారం వందనకు వచ్చే మన అక్కచెల్లెళ్లలో "ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది" అనే మాట ఎంతమంది నోట విన్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇవాళ మెడ, భుజాలు. రేపు నడుము, తొడలు, పిక్కలు. రాత్రంతా పడుకున్నా పొద్దున లేస్తే మూటలు మోసి దింపినట్టు ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతారు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఎవరైనా ప్రేమగా భుజం తట్టినా అబ్బా అంటారు. అప్పు చేసి రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, స్కానింగులు చేయిస్తే అన్నీ నార్మల్. ఇక ఇంట్లో మొదలవుతుంది: "రిపోర్టులు బాగానే ఉన్నాయిగా, ఇంకేం రోగం? పని తప్పించుకోడానికే ఈ నాటకం."

ఇలాంటి నొప్పికి వైద్యంలో ఒక పేరుంది, ఫైబ్రోమయాల్జియా. మగవాళ్లకూ వస్తుంది, కానీ ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లలో. అమెరికాలోని రుమటాలజీ వైద్యుల సంఘం 1990లో దీన్ని గుర్తించే పద్ధతి ఒకటి రాసింది. ఒంటిమీద 18 చోట్ల నొక్కి చూస్తే కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలన్నారు. 2010లో ఆ పద్ధతి మార్చారు. నొక్కి చూడటం కన్నా అడిగి తెలుసుకోవడం ముఖ్యమన్నారు. ఎన్ని చోట్ల నొప్పి, నిద్ర లేచాక ఒళ్లు తేలికపడుతోందా, అలసట ఎంత, మతిమరుపు ఉందా, ఇదంతా కనీసం 3 నెలలుగా ఉందా అని అడుగుతారు. అంటే ఈ జబ్బును మిషను పట్టుకోలేదు. రోగి మాట నమ్మితేనే జబ్బు బయటపడుతుంది. మన మాటకు సాక్ష్యం విలువ లేకుండా చేసిన సమాజం ఇది. అందులోనూ ఆడదాని మాట. ఇలాంటి జబ్బు మన ఇళ్లలో ఏళ్ల తరబడి పేరు లేకుండా ఉండిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇది కండరం చెడిపోయి వచ్చే నొప్పి కాదు, కీలు అరిగి వచ్చేదీ కాదు. నొప్పి కబురును మోసే నరాలు, వెన్నుపాము, మెదడు అతిగా స్పందించడం వల్ల వచ్చేది. మన సభల్లో మైకు వాల్యూం బాగా పెంచేస్తే గుసగుస కూడా కేకలా వినిపిస్తుందే, అలాంటిది. చిన్న ఒత్తిడి కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. కారణం ఒక్కటే అని చెప్పలేం. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కొందరికి దెబ్బ తగిలాకో, పెద్ద జ్వరం వచ్చాకో, ఏళ్ల తరబడి దిగులు, నిద్రలేమి అనుభవించాకో మొదలవుతుంది. ప్రాణం తీయదు, కీళ్లను వంకర చేయదు. కానీ బతుకును నమిలేస్తుంది.

ఇక్కడికి ఇంకో మాట వచ్చి చేరుతుంది: "పూర్వజన్మలో ఏం పాపం చేసిందో!" 22 ప్రతిజ్ఞలు చేసిన ఇళ్లలో కూడా ఈ మాట వినిపిస్తోంది. తాయెత్తు తీసేశాం, ఈ మాటను మాత్రం పారేయలేదు. సంయుత్త నికాయంలో మోలియ సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సూటిగా ఇదే అడుగుతాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ గతంలో చేసినదాని ఫలమే అని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, అవన్నీ కలవడం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, బయటి దెబ్బల వల్ల కూడా బాధలు వస్తాయి, అది నీకూ తెలుసు, లోకానికీ తెలుసు అన్నాడు. ఆ వరుసలో కర్మఫలం ఎనిమిదోదిగా ఉన్న మాట నిజమే, దాచనక్కర్లేదు. కానీ అన్నింటినీ కర్మకు కట్టేవాళ్లు తెలిసిన సత్యాన్ని దాటి మాట్లాడుతున్నారని తేల్చేశాడు. బాబాసాహెబ్ ఇంకో అడుగు ముందుకు వేసి, పూర్వజన్మ కర్మ అనేది బుద్ధుడి సిద్ధాంతమే కాదని 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో వాదించారు. పేదవాడి బాధకు పేదవాణ్ణే దోషిని చేసే సిద్ధాంతం ఎవరికి పనికొస్తుందో ఆయనకు తెలుసు. కాబట్టి నొప్పితో ఉన్న మనిషి దగ్గర కర్మ మాట ఎత్తితే, మనం వదిలి వచ్చిన ఇంటి భాష మళ్లీ మాట్లాడుతున్నట్టే.

మరి ధమ్మం ఏమిస్తుంది? ముందు ఒక మాట గురించి. తెలుగులో వేదన అంటే బాధ. పాళీలో వేదన అంటే అనుభూతి మాత్రమే. సుఖమైనది, దుఃఖమైనది, రెండూ కానిది అని మూడు రకాలు. ఆ సంయుత్త నికాయంలోనే రెండు బాణాల సుత్తం ఉంది. శిక్షణ లేని మనిషికి ఒంట్లో నొప్పి రావడం ఒక బాణం దిగినట్టు. దాని వెనకే శోకం, భయం, కోపం వచ్చి రెండో బాణం దిగుతుంది. శిక్షణ ఉన్నవాడికి మొదటి బాణం ఒక్కటే. జాగ్రత్తగా గమనించండి, బుద్ధుడు మొదటి బాణం లేదని అనలేదు. నొప్పి మాయ, నీ మనసు కల్పన అని అనలేదు. ధ్యానం చేస్తే నొప్పి పోతుందని బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఈ సుత్తం గుర్తు తెచ్చుకోండి.

దీనికి నా మాట ఒకటి చేరుస్తాను, ఇది సుత్తంలో లేదు. రెండో బాణం ప్రతిసారీ రోగి చేతిలోంచే రాదు. "నాటకం" అన్న అత్త, "నిన్న బాగానే ఉన్నావుగా" అన్న భర్త, పరీక్షలు నార్మల్ కాబట్టి ముఖం కూడా చూడకుండా పంపేసిన డాక్టరు, "వందనకు రావడం మానేసింది, శ్రద్ధ లేదు" అన్న మన కమిటీ సభ్యులు, వీళ్లందరి చేతుల్లోనూ విల్లు ఉంది. మనసును నిబ్బరంగా ఉంచుకో అని ఆమెకు ఉపదేశం చేసేముందు మనం విల్లు దించాలి.

వినయ పిటకం మహావగ్గంలో ఒక ఘటన ఉంది. అతిసారం పట్టిన ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. బుద్ధుడు, ఆనందుడు అటుగా వెళ్తూ చూస్తారు. నిన్ను ఎవరూ చూడటం లేదా అంటే లేదంటాడు. ఎందుకు అంటే, నేను తోటి భిక్షువులకు ఏమీ చేసిపెట్టలేదు, అందుకే వాళ్లూ చూడటం లేదు అంటాడు. ఆ జవాబు మన ఇళ్లలోనిదే. పని చేసినంతకాలం మనిషి, చేయలేని రోజున భారం. బుద్ధుడు ఉపన్యాసం మొదలుపెట్టలేదు. ఆనందుడితో నీళ్లు తెప్పించాడు. తను నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి, మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలన్నాడు.

అక్కడే రోగి ఎలా ఉండాలో, సేవ చేసేవాడు ఎలా ఉండాలో కూడా చెప్పాడు. రోగి తన బాధను ఉన్నదున్నట్టు చెప్పాలి: పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని, అలాగే ఉంటే అలాగే ఉందని. ఇవాళ డాక్టర్లు రాయమంటున్న నొప్పి డైరీ ఇంతే కదా! పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి. రోజుకు రెండు లైన్లు చాలు. నిద్ర ఎలా పట్టింది, నొప్పి ఎక్కడ, ఏ పని తర్వాత పెరిగింది. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి. డాక్టరు ఇచ్చే ఐదు నిమిషాల్లో ఆ బుక్కు మీ తరఫున మాట్లాడుతుంది.

డాక్టరు దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్లాలి. ఇలాంటి నొప్పులు థైరాయిడ్ తేడా వల్ల, రక్తం తక్కువై, డి విటమిన్ తక్కువై, కీళ్లవాతం వల్ల కూడా ఉండొచ్చు. వాటికి వేరే మందులున్నాయి. అవి కావని తేలాలి. రుమటాలజీ డాక్టర్లు దీన్ని బాగా గుర్తిస్తారు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఊళ్లో ఎవరో పొడిచే స్టెరాయిడ్ సూదులు ఈ జబ్బుకు పనిచేయవు. రోజూ మింగే నొప్పి బిళ్లలు కూడా పెద్దగా పనిచేయవు సరికదా, కడుపునూ కిడ్నీలనూ పాడు చేస్తాయి. నరాల మీద పనిచేసే అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్, ప్రీగాబలిన్ లాంటి మందులు కొందరికి కొంత మేలు చేస్తాయి. వాటిలో మొదటి రెండూ దిగులుకు కూడా వాడేవి కావడంతో, "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని చీటీ చించేసినవాళ్లున్నారు. మందు ఒకటే, పని రెండు రకాలు, అంతే. మధ్యలో మీ అంతట మీరు ఆపకండి.

మత్తుగా ఉండే బిళ్ల వేసుకుంటే ఐదో శీలం తప్పినట్టు కాదా అని కొందరు అడుగుతున్నారు. కాదు. ఆ శీలం ఏమరుపాటుకు దారితీసే మత్తు గురించి. డాక్టరు రాసిన మందు రాసినంత వేసుకోవడం అందులోకి రాదు. నొప్పి మరిచిపోవడానికి కల్లు, సారా తాగడం వస్తుంది. పైగా మద్యం అసలే సరిగాలేని నిద్రను ఇంకా పాడుచేస్తుంది.

ఈ జబ్బుకు అన్నింటికన్నా గట్టిగా సిఫారసు చేస్తున్నది వ్యాయామం. యూరప్ రుమటాలజీ నిపుణులు 2017లో సవరించిన సూచనల్లో గట్టి సిఫారసు దక్కింది దానికొక్కదానికే. నాట్లు వేసి, అంట్లు తోమి వచ్చిన మనిషికి వ్యాయామం ఏంటి అని కోపం రావడం న్యాయమే. పనిలో ఒళ్లు అలుస్తుంది, కానీ అక్కడ ఆగే హక్కు మన చేతిలో ఉండదు. ఇక్కడ ఉంటుంది. తేడా అదే. సోణుడి కథ చాలామందికి తెలుసు. ధనవంతుల బిడ్డ, భిక్షువై, నడుస్తూ ధ్యానం చేసి చేసి అరికాళ్లు చిట్లి నెత్తురు కారేదాకా తెచ్చుకుంటాడు. వీణ తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులు చేస్తే పలుకుతుందా అని బుద్ధుడు అతన్ని అడుగుతాడు. ఈ జబ్బులో అందరూ పడే గుంట ఇదే. కాస్త బాగున్న రోజు నాలుగు రోజుల బట్టలు ఉతికేస్తారు, తర్వాత మూడు రోజులు మంచాన పడతారు. అలా కాకుండా బాగున్న రోజు కూడా ఆగండి, బాగాలేని రోజు కూడా కొంచెం కదలండి. ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. మొదట్లో నొప్పి కాస్త పెరుగుతుంది, భయపడకండి. నిద్రకూ లేవడానికీ ఒకే వేళ పెట్టుకోండి.

వేదనానుపస్సన కూడా అలాగే. నొప్పి ఉన్నచోట మనసు పెట్టి గంటసేపు బిగబట్టుకుని కూర్చోమని ధమ్మం చెప్పదు. పడుకునే చేయొచ్చు. ముందు శ్వాస మీద కాసేపు ఉండండి. తర్వాత నొప్పి లేని చోటు ఒకటి వెతకండి, చెవి తమ్మె అయినా సరే. అక్కడి నుంచి నొప్పి ఉన్నచోటికి వెళ్లి, మంటా, పోటా, బరువా అని చూసి, మళ్లీ వెనక్కి రండి. "ఇక నా బతుకింతే" అనే ఆలోచన వస్తే అది నొప్పి కాదు, ఆలోచన అని గుర్తించండి. నొప్పి అలాగే ఉండొచ్చు, కానీ దాని చుట్టూ పేరుకున్న భయం కొంత విడుతుంది. చచ్చిపోవాలనిపించేంత దిగులు వస్తే మాత్రం ధ్యానంతో సరిపెట్టుకోకండి, దగ్గరివాళ్లకు చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బాబాసాహెబ్ చివరి ఏళ్లు కూడా నొప్పులతోనే గడిచాయి. మధుమేహం, కాళ్ల నొప్పులు. 'బుద్ధుడు ఆయన ధమ్మం' ముందుమాటలో, ఒక దశలో తనను ఆరిపోతున్న దీపంగా డాక్టర్లు అనుకున్నారని, భార్య, డాక్టర్ మాల్వంకర్ వైద్యం వల్లే కోలుకున్నానని ఆయనే రాశారు. మందు వేసుకోవడం, సాయం తీసుకోవడం చిన్నతనం అనుకోలేదు.

బుద్ధుడూ అనుకోలేదు. పావా నగరంలో మల్లులు కట్టిన కొత్త సభాభవనంలో రాత్రి పొద్దుపోయేదాకా బోధించి, నా నడుము నొప్పిగా ఉంది, కాసేపు ఒరుగుతాను, నువ్వు చెప్పు అని సారిపుత్తుడికి అప్పగించాడు. సంఘాటిని నాలుగు మడతలు వేసుకుని కుడిపక్కకు పడుకున్నాడు. సభలో ఎవరూ తప్పు పట్టలేదు, సారిపుత్తుడి బోధ సాగిపోయింది. మన విహారాల్లో మాత్రం గంటన్నర గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేనివాళ్లు సిగ్గుపడి రావడమే మానేస్తున్నారు. పంచాంగ నమస్కారం కుర్చీలో కూర్చుని చేతులు జోడించి చేసినా చెల్లుతుంది. వచ్చే ఆదివారం హాలు ఊడ్చేటప్పుడే వెనక గోడ దగ్గర ఒక చాప, దిండు, వీపు ఆనే కుర్చీలు రెండు వేసి ఉంచండి. రావడం మానేసిన అక్కలకు ముందురోజే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి.