మరమ్మతులో ధర్మము

పనివానికి తెలిసిన విషయము పని చేయించుకొనువానికి తెలియదు. ఆ తెలియమిని ఆసరా చేసికొని సొమ్ము గడించుట న్యాయమా? ఈ ప్రశ్న వైద్యునకును, న్యాయవాదికిని, బండి బాగుచేయు మేస్త్రీకిని సమానముగ వర్తించును. మొదటి ఇరువురిని గూర్చి పెద్దలు విరివిగా చర్చించిరి. మూడవవానిని గూర్చి ఆలోచించినవారు తక్కువ. సామాన్య సంసారికి తరచుగా ఎదురగువాడు మాత్రము ఈ మూడవవాడే.

వేగావతీ తీరమందలి సాలూరు లారీలకు పేరుపడిన పట్టణము. విజయనగరము నుండి కోరాపుట్టు వైపు పోవు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగ సాగుచున్నది. ఊరు దాటి పైకి పోగా కొండలును, ఘాట్ రోడ్డును ఎదురగును. పెద్ద బండ్లున్న చోట వాటిని బాగుచేయు విద్యయు పెరుగును. ఆ విద్య చిన్న బండ్లకును ఉపకరించును. 1972లో లూనా, 1980లో టి.వి.యస్. 50 బజారులోనికి వచ్చిన పిదప, సైకిలుకు ఇంజను అమర్చినట్లుండు మోపెడ్లు మన పల్లెలలో వ్యాపించినవి. నేటి కొత్త మోపెడ్లలో నాలుగు స్ట్రోకుల ఇంజనులున్నవి. పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన పాత రెండు స్ట్రోకుల బండ్లలో కనబడు ఒక దోషమును ఇచట ఉదాహరణముగ గ్రహింతము.

ఒక బడి పంతులుగారి బండి ఇంటివద్ద చక్కగా కదలును. నాలుగైదు మైళ్లు పోగానే దగ్గి, ఆగిపోవును. చెట్టునీడన కొంతసేపు నిలిపినచో మరల నడచును. దీనికి ముఖ్యముగ రెండు కారణములుండవచ్చును. ఇంజను వేడెక్కినప్పుడు కాయిలు బలహీనపడి ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టకపోవుట ఒకటి. పెట్రోలు టాంకు మూతలోని సన్నని గాలిరంధ్రము మట్టితో పూడిపోవుట రెండవది. లోనికి గాలి పోనిచో, పెట్రోలు తగ్గుకొలది టాంకులో శూన్యమేర్పడి, కార్బురేటరుకు ధార సన్నగిల్లి ఆగును. కొంత విరామమిచ్చినచో కాయిలు చల్లారును. టాంకులోనికి గాలియు మెల్లగా చేరును. రెండు వ్యాధులకును విరామమే ఉపశమనమగుటచే బండి మేస్త్రీ కొట్టును చేరునప్పటికి దోషము దాగిపోవును.

నిజమును తేల్చుటకు మార్గము కలదు. బండి ఆగిన క్షణముననే పరీక్షింపవలెను. మొదట టాంకు మూత తెరచి చూడవలెను. గాలి లోనికి పీల్చుకొను చప్పుడు వినబడి, మూత వదులు చేసిన పిదప బండి సాఫీగా నడచినచో దోషము రంధ్రమునదే. నడవనిచో మూత బిగించి, ప్లగ్గును ఊడదీసి, పెట్రోలుకు దూరముగ ఇంజను లోహమునకు ఆనించి నిప్పురవ్వ వచ్చుచున్నదో లేదో చూడవలెను. ఒక్కొక్క పర్యాయము ఒక్కదానినే మార్చి చూచుట ఇందలి నియమము. ప్లగ్గు, కాయిలు, కార్బురేటరు ఒకేసారి మార్చినచో బండి నడవవచ్చును గాని, దేనివలన నడచినదో మేస్త్రీకి సయితము తెలియదు. పనియైనది, జ్ఞానము కలుగలేదు. మరునాడు మరియొకరి బండికి అదే ఖర్చు తగులును.

ఇప్పుడు ధర్మసంకటమును చూడుడు. మేస్త్రీ పంతులుగారితోపాటు అంతదూరము బండిపై పోయి, కారణము కనుగొని, ఒక గుండుసూదితో రంధ్రమును శుభ్రపరచెను. ఉన్నదున్నట్లు చెప్పి కూలి అడిగినచో, “సూదితో పొడిచినందుకు ఇంతయా?” అని పంతులుగారు బేరమాడుదురు. “కాయిలు మార్చితి”నని బొంకినచో మారుమాటాడక చెల్లింతురు. అసత్యమునకు సులభముగ డబ్బు వచ్చుచున్నది. సత్యమునకు వాదము వచ్చుచున్నది. మేస్త్రీ బొంకినచో ఆ పాపమున పంతులుగారికి భాగము లేదందుమా? సామానుకు వెల ఇచ్చి, ఆలోచనకు వెల ఇయ్యని గిరాకి, పనివానిని అనృతమునకు అలవాటు చేయుచున్నాడు. అట్లని బొంకునకు క్షమ లేదు. కొట్టులో స్పానరు అందించు కుర్రవాడు చూచుచున్నాడు. అతడు నేర్చుకొనునది మరమ్మతు మాత్రమే కాదు.

కల్యాణమున బియ్యపు గింజలు ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగ తేగా, భార్య లక్కమ్మ సంతోషింపక, ఎక్కువైనదానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. ఈ కథను విని, పనివాడు తక్కువకే పనిచేయవలెనని తలంచుట పొరపాటు. లక్కమ్మ కాయకమునకు తగినదానిని కాదనలేదు, తగనిదానిని కాదనినది. కనుక మేస్త్రీ తన కాలమునకును, నేర్పునకును తగిన కూలిని వెరవక అడుగవచ్చును. “రంధ్రము పూడినది, సూదితో తీసితిని, కనుగొనుటకు పూటంతయు పట్టినది” అని చెప్పి తీసికొన్న సొమ్ము శుద్ధమైనది. కాయిలు పేరు చెప్పి తీసికొన్న సొమ్ము, మొత్తము అంతే అయినను, శుద్ధము కాదు.

కారణము దొరకనప్పుడేమి చేయవలెను? “నాకింకను తెలియలేదు, ఈ భాగమును మార్చి చూతము, ఫలింపకపోవచ్చును” అని ముందుగా చెప్పి, అంగీకారము పొంది, తీసిన పాత భాగమును యజమాని చేతికీయవలెను. తెలియదని ఒప్పుకొనుట వలన గిరాకి పోవునని భయపడువారు కలరు. ఒకరిద్దరు పోవచ్చును. మిగిలినవారు, ఆ మేస్త్రీ “తెలిసినది” అన్న దినమున అతని మాటను సందేహింపరు.

పంతులుగారి కర్తవ్యమును చిన్నది కాదు. వారానికొకసారి మూతను తుడుచుట, నూనెను కొలత ప్రకారము కలుపుట, ఎక్కడ ఎప్పుడు ఆగినదో ఉన్నదున్నట్లు చెప్పుట ఆయన పనులు. ఎక్కువ నూనె మంచిదనుకొని పోసి ప్లగ్గుకు మసి పట్టించి, ఆ సంగతి దాచినవాడు, మేస్త్రీ నుండి సత్యమును కోరుటకు ముందు తన మాటను సరిచూచుకొనవలెను. సూదికి కూలి చెల్లించు దినమున బేరమాడకుండుట ఆయనకు చివరి పరీక్ష.