తప్పొప్పుల పట్టిక లేని కార్డు

పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక అని ఒకటి ఉండేది. ఫలానా పుటలో, ఫలానా పంక్తిలో ఇలా పడింది, ఇలా చదువుకోగలరు అని. చిన్నప్పుడు నాకు లోపలి కథకంటే ఆ పట్టికే ముచ్చటగా ఉండేది. పుస్తకం తన తప్పులు తనే చెప్పేసుకుని, దిద్దుకునే పని మాత్రం మన పెన్సిలుకి వదిలేసేది. చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డుకి ఆ వెసులుబాటు లేదు. ఉన్నది ఒక్కటే ప్రతి. కవర్లో పెట్టి ఇచ్చేశాక అందులోని తప్పు ఎవరి సొత్తు? చేసినవాళ్లదా, పుచ్చుకున్నవాళ్లదా? చేసినవాళ్ల చేతికి తర్వాతెప్పుడో పనితనం వస్తే, పాతది వెనక్కి తీసుకుని, దాని బదులు మంచిది ఇచ్చే హక్కు వాళ్లకి ఉంటుందా?

పనీపాటా లేనివాళ్ల ప్రశ్నలా ఉంది కదూ. శాండీఫోర్డ్‌లో మా అపార్ట్‌మెంటులో ఇద్దరు మనుషులు, నేనూ, మా పై అంతస్తు అక్కా, దీని మీద చాలాకాలంగా వాదించుకుంటున్నాం. మధ్యలో రెండు వారాలు మాటలు కూడా లేవు.

ముందు ఈ ఊళ్లో కార్డంటే ఏమిటో చెప్పాలి. ఐర్లండ్‌లో కార్డు లేకుండా ఏదీ జరగదు. పుట్టినరోజుకి, పెళ్లికి సరే. ఇల్లు మారితే కార్డు, డ్రైవింగ్ టెస్టు పాసైతే కార్డు, పక్కింటి పిల్లవాడి ఫస్ట్ కమ్యూనియన్‌కి కార్డు. ఎవరైనా పోతే మాస్ కార్డు అని ఇస్తారు. పోయినవారి పేరున చర్చిలో ప్రార్థన జరుగుతుందని దానర్థం. మనకి పెళ్లికి శుభలేఖ, సంక్రాంతికో కొత్త సంవత్సరానికో ఒక గ్రీటింగు, అంతే. అక్క ఇక్కడికి వచ్చిన కొత్తలో, "ఇన్ని కార్డులు కొంటే జీతం చాలదే" అంటూ సొంతంగా చేయడం మొదలుపెట్టింది.

మొదటి రోజుల కార్డుల్లో తప్పులు ఎవరికైనా ఒకేలా ఉంటాయి. కాగితానికి పోగు ఉంటుందని ఎవరూ ముందుగా చెప్పరు. మిల్లులో గుజ్జు పారే దిక్కుకే అందులోని నార పడుకుంటుంది. నార వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది. నారకి అడ్డంగా మడిస్తే దళసరి కార్డు మడత దగ్గర బీటలు వారుతుంది. కాగితాన్ని అటూ ఇటూ మెల్లగా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో చెయ్యే చెబుతుంది, కానీ ఆ చెయ్యి తయారవడానికి యాభై కార్డులు పాడవ్వాలి. తెల్ల జిగురు ఇంకొక మాయలాడి. అందులోని నీటికి కాగితం ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, పొద్దున్న లేచి చూస్తే కార్డు అప్పడంలా వంకర తిరిగి ఉంటుంది. ఇక కవరు. ఏ5 కాగితాన్ని సగానికి మడిస్తే 105 మిల్లీమీటర్లు ఇంటు 148 వస్తుంది, దానికి 114 ఇంటు 162 ఉండే సీ6 కవరు సరిపోతుంది. కొత్తవాళ్లు ముందు కార్డు చేసి, తర్వాత కవరు కోసం ఊరంతా వెతుకుతారు. పూసలు, రిబ్బన్లు, గుండీలు, మెరుపు పొడి, ఇంట్లో ఉన్నవన్నీ ఒకే కార్డు మీద అతికించి, అంత మందం ఉత్తరం ధరకి పోదని పోస్టాఫీసులో చెబితే తెల్లబోతారు. అన్నిటికంటే తెలిసిపోయేది అక్షరాలు. ఎడమవైపు మహారాజులా మొదలైన మాట కుడి అంచుకి వచ్చేసరికి బస్సులో నిలబడ్డ మనిషిలా నలిగిపోయి ఉంటుంది.

అక్క ఇవన్నీ దాటింది. ఇప్పుడు ఆవిడ చేతిలో గీటు పడితే వెంట్రుక పక్కకి జరగదు. శనివారాలు ఐదారుగురు ఆడవాళ్లు ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నారు. సాధన మీద వేమన చెప్పిన వేపాకు మాటకి ఆవిడని ఉదాహరణగా చూపించవచ్చు. తగాదా వచ్చింది మాత్రం ఇప్పటి కార్డుల గురించి కాదు, నా దగ్గర ఉన్న ఒక పాత కార్డు గురించి.

2020 ఏప్రిల్‌లో తెనాలిలో మా నాన్నగారు పోయారు. మార్చి 23 నుంచి ఇండియాకి విమానాలు లేవు. ఇక్కడ ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్నారు. నేను ఫోనులో చూశాను, అంతే. ఆ సాయంత్రం తలుపు కింద నుంచి ఒక కార్డు లోపలికి వచ్చింది. దుకాణాలు మూసి ఉన్నాయి కాబట్టి అక్క ఇంట్లో ఉన్న కాగితంతోనే చేసింది. ఉన్నది పసుపుపచ్చ కాగితం. దాని చుట్టూ ఎర్ర అంచు. మడత బీటలు వారింది. లోపల "నాన్నగారు" అన్న మాట అరచేయంత ఉంది, కింది పంక్తికి అక్షరాలు సగమయ్యాయి. చివరి మాట "ఉన్నాం"లో "ఉ" ఒక పంక్తిలో, "న్నాం" అంచు వెంబడి కిందికి. ఒక మూల జిగురు, ఆ జిగురులో ఆవిడ బొటనవేలి ముద్ర.

మన వైపు శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాస్తాం. చావు కబురు ఉత్తరానికి పసుపు తగలనివ్వరు సరికదా, చదవగానే చింపేసేవాళ్లు, ఇంట్లో ఉంచేవాళ్లు కాదు. ఆ లెక్కన అది నిలువెల్లా తప్పు. మా అమ్మకి ఫోనులో చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. "పచ్చకాగితమా..." అని, "అలాంటివి ఇంట్లో పెట్టుకోకూడదే" అంది. నేను హాల్లో పుస్తకాల అలమరలో నిలబెట్టాను. అప్పటినుంచీ అక్కడే ఉంది.

అక్క చేతికి పనితనం పెరిగే కొద్దీ ఆ కార్డు ఆవిడ కంట్లో నలుసయింది. తన దగ్గర నేర్చుకునేవాళ్లు మా ఇంటికి వస్తే దాన్ని చూసి, "ఇది ఎవరు చేశారు?" అంటారు. ఒకరోజు వాళ్లు వెళ్లాక ఉండబట్టలేక అడిగేసింది.

"అది ఇచ్చెయ్యవే. అవే మాటలతో మంచిది చేసిస్తాను."

"అవే మాటలైనా అదే కార్డు కాదుగా అక్కా. ఇది నాకిచ్చారు మీరు."

"నా బొటనవేలి ముద్రని నువ్వు హాల్లో ప్రదర్శనకి పెట్టావు. నీకది జ్ఞాపకమే, నాకు పరువు!"

ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకోవడాన్ని మన పెద్దలు దత్తాపహారం అన్నారు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ ఆపుకున్నాను. ఆవిడ ఎగవేయడం లేదు, ఇచ్చినదానికంటే మెరుగైనది ఇస్తానంటోంది. చిల్లుపడ్డ చెంబు ఇచ్చినవాళ్లు మంచి చెంబు తెచ్చి మార్చుకోమంటే అది పాపమెలా అవుతుంది? చేసిన చేతికి తన పని మీద ఏ మాత్రం హక్కూ మిగలదనడం నాకూ న్యాయంగా తోచలేదు.

ఈ వాదన ఇంతకుముందే ఒక ఇంట్లో జరిగింది. ఆ ఇంటివాళ్ల ఊరు మాకు దగ్గరే. శాండీఫోర్డ్‌లో గ్రీన్ లైన్ లూవాస్ ఎక్కితే నాలుగో స్టాపు డండ్రం. 1902లో అక్కడ ఎవెలిన్ గ్లీసన్ అనే ఆవిడ, కవి యేట్స్ చెల్లెళ్లు లిల్లీ, ఎలిజబెత్‌లతో కలిసి డన్ ఎమర్ అని ఆడవాళ్ల చేతిపనుల సంస్థ పెట్టింది. ఎలిజబెత్ లండన్‌లో అచ్చుపని నేర్చుకుని వచ్చి, ముప్ఫై దాటిన వయసులో, చేత్తో లాగే ఆల్బియన్ ప్రెస్సుతో మొదలుపెట్టింది. 1908లో అక్కచెల్లెళ్లు విడిపోయి క్యూలా పేరుతో సొంతంగా సాగారు. పుస్తకాలే కాదు, చేత్తో రంగులద్దిన బొమ్మలూ, గ్రీటింగ్ కార్డులూ అక్కడినుంచి వచ్చేవి. రవీంద్రుడి 'పోస్టాఫీసు' నాటకం ఇంగ్లీషులో 1914లో అచ్చయింది ఆ ప్రెస్సులోనే. (అదే రవీంద్రుడు 1919లో మన మదనపల్లెలో, ఐర్లండ్ నుంచి వెళ్లిన జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా ఉన్న కాలేజీలో, జనగణమనకి ఇంగ్లీషు అనువాదం రాశాడు. రాతప్రతుల్లో తను కొట్టేసిన మాటల మీద గీతలు కలుపుతూ పోయి వాటిని బొమ్మలుగా మార్చే అలవాటు ఆయనకి ఉండేది. మరక మీద ఎండుటాకు అతికించే మా శనివారం ముఠాకి ఆయనే గురువు.)

ఎలిజబెత్ అన్నగారు తన పాత కవితల్ని జీవితమంతా దిద్దుతూనే ఉన్నాడు. మేము ప్రేమించినవాటిని పాడు చేస్తున్నావని స్నేహితులు గొడవపడ్డారు. దానికి జవాబుగా 1908లో ఆయన నాలుగు పాదాలు అచ్చువేశాడు. పాటని దిద్దినప్పుడల్లా తను తిరగరాసుకునేది తననే అన్నది వాటి సారం. నేను అక్కకి ఇది చెప్పగానే ఆవిడ చప్పట్లు కొట్టింది. "చూశావా, అంత పెద్దాయనే నా పక్షం!"

నిజమే, ఆ పక్షంలో బలముంది. ఎదిగిన మనిషి తన పాత పని చూసి ఇబ్బంది పడడం దొంగ వినయం కాదు, కన్ను తెరుచుకుందనడానికి గుర్తు. ఆ ఇబ్బంది లేనివాళ్ల పని యాభయ్యో కార్డు దగ్గరా ఒకటో కార్డులాగే ఉంటుంది. తప్పులోనే అందం ఉందంటూ ఈమధ్య వినబడే మాట నాకు నచ్చదు. దానికి జపాన్‌వాళ్లు పగిలిన గిన్నెని బంగారంతో అతకడాన్ని సాక్ష్యం తెస్తారు. ఆ అతికేవాళ్లు ఆ పనిలో చేయి తిరిగినవాళ్లు. చేతకానితనానికి వాళ్లని అడ్డం పెట్టుకోవడం అన్యాయం.

కానీ అన్నగారి దగ్గర ఒక సంగతి ఉంది. ఆయన దిద్దినదల్లా తర్వాతి కూర్పుల్లోనే. పాత కూర్పులు కొనుక్కున్నవాళ్ల అలమరల్లోనే ఉండిపోయాయి. పాతా కొత్తా పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. కార్డుకి ఆ దారి లేదు. ఉన్న ఒక్కటీ మార్చేస్తే పాత కూర్పు అంటూ ఎక్కడా మిగలదు. అక్క మారుస్తానంటున్నది తన పనిని మాత్రమే కాదు. ఆ సాయంత్రం తలుపు కింద నుంచి వచ్చింది ఇది అని చెప్పే సాక్ష్యం అది, అది నా వైపుది.

ఇంకో మాట కూడా అన్నాను. ఇప్పటి అక్క ఆ కార్డు చేయలేదు. ఇప్పుడైతే కొలత వేస్తుంది, పచ్చ కాగితం తగదని తెల్లదాని కోసం వెతుకుతుంది, జిగురు ఆరేదాకా బరువు పెడుతుంది. కార్డు మూడో రోజుకి అందంగా వస్తుంది. నాకు అది ఆ రాత్రికే కావాల్సి వచ్చింది. అందులో ఉన్న తప్పులన్నీ తొందర వల్ల వచ్చినవే, ఆ తొందర నా కోసం పడింది. ఇది విని ఆవిడేమీ అనలేదు. లేచి టీ పెట్టింది.

ఆ తర్వాత అక్కే ఒక సంగతి చెప్పింది. ఎవరిదో పుట్టినరోజుకి చాలా శ్రమపడి చేసిన కార్డు ఇస్తే, వాళ్లు అటూ ఇటూ తిప్పి "ఎక్కడ కొన్నారండీ?" అన్నారట. ఆ రాత్రంతా పొంగిపోయి, పొద్దున్నకి దిగులు పడిందట. చేత్తో చేసినట్టు కనిపించకపోవడమేనా తను ఇన్నాళ్లూ నేర్చుకున్నది? నా దగ్గర జవాబు లేదు. మా అమ్మమ్మ బొమ్మల కొలువులో ముక్కు అరిగిన మట్టి పార్వతమ్మని ఎప్పుడూ కింది మెట్టు మీద, ఒక పక్కగా పెట్టేది. తీసెయ్యలేదు, పై మెట్టూ ఎక్కించలేదు.

అమ్మమ్మ చేసిన ఆ ఏర్పాటే చివరికి నాకు దారి చూపించింది. కార్డు నాది, అందులో సందేహం లేదు. వచ్చేపోయేవాళ్లందరి ముందూ నిలబెట్టే హక్కు కూడా పూర్తిగా నాదేనా అంటే, కాదనిపించింది. అందులో ఆవిడ వేలి ముద్ర ఉంది. నాకు ఓదార్పుగా ఉన్నదే ఆవిడకి ప్రతి శనివారం తలవంపు అవుతుంటే, ఆ ఓదార్పుని పదిమందికీ చూపించాల్సిన పనేముంది? అలమరలోంచి తీసి, నాన్నగారి కళ్లజోడు ఉన్న సొరుగులో పెట్టాను. మార్చుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. అక్కకి ఇది సగం గెలుపు, ఆ సగానికి ఇప్పటికీ గునుస్తూనే ఉంటుంది. అలాంటివి ఇంట్లోనే పెట్టుకోకూడదన్న అమ్మకైతే అసలు గెలుపే కాదు.

అక్కాచెల్లెళ్ల సమాధి డండ్రంలో సెయింట్ నాహీ చర్చి ఆవరణలో ఉంది. ఒక ఆదివారం అక్కని తీసుకెళ్లాను. దారిలో వాళ్ల మొదటి పుస్తకం సంగతి చెప్పాను. అది 1903 జులైలో పూర్తయింది. చివరి పుటలో తేదీతో పాటు అది పెనుగాలి వీచిన ఏడు అని కూడా అచ్చువేశారు. ఆ ఫిబ్రవరిలో వచ్చిన తుఫానుకి డబ్లిన్ చెట్లు వేలకొద్దీ కూలాయి. జేమ్స్ జాయిస్ తర్వాత 'యులిసీస్'లో దాన్ని ఎగతాళి చేశాడు. అక్కకి మాత్రం తెగ నచ్చింది. పుస్తకం వెనక ఆ ఏటి గాలివాన సంగతి ఎందుకు రాశారని నన్ను రెండుసార్లు అడిగింది, ఇంటికొచ్చాక మళ్లీ అడిగింది.

మొన్న ఉగాదికి నాకిచ్చిన కార్డు మడత కత్తితో కోసినట్టుంది, మామిడాకులు అచ్చుగుద్దినట్టున్నాయి. వెనక్కి తిప్పితే కింద సన్నటి అక్షరాలతో రాసుంది: "శాండీఫోర్డ్‌లో చేసినది. వాన. కరెంటు రెండుసార్లు పోయింది. జిగురు ఇంకా ఆరలేదు, రేపటిదాకా తెరవొద్దు."

నేను అప్పటికే తెరిచేశాను.